పెవిలియన్‌కి ఎంతమంది వచ్చారన్నదే లెక్కా?

ప్రపంచ ఎక్స్‌పో, అంటే రకరకాల దేశాలు తమ తమ ప్రదర్శన భవనాలతో (పెవిలియన్లతో) పాల్గొనే పెద్ద ప్రదర్శన, ముగియగానే ఆ దేశాలు చెప్పుకునే మాట దాదాపు ఒకటే: మా పెవిలియన్‌కి ఇన్ని లక్షల మంది వచ్చారు. ప్రజల డబ్బు పోసి కట్టి, ఆరు నెలలు నడిపి, తర్వాత విప్పేసేదానికి ఆ ఒక్క అంకె చూపించి ఊరుకుంటే ఎలా? నాకైతే అది అస్సలు సరిపోదనిపిస్తుంది.

ఈ తలల లెక్క మొదట్లో ఆతిథ్యమిచ్చేవాళ్లది. 1851లో లండన్ హైడ్ పార్క్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం కట్టి ఇలాంటి ప్రదర్శన పెట్టినప్పుడు సుమారు 60 లక్షల టికెట్ల లెక్క తేలింది, దాదాపు 1,86,000 పౌండ్లు మిగిలాయి, ఆ డబ్బుతోనే సౌత్ కెన్సింగ్టన్‌లో మ్యూజియాల కోసం స్థలం కొన్నారు. సరుకు తెచ్చి పెట్టినవాళ్లు చూసుకున్నది మాత్రం జ్యూరీ ఇచ్చే పతకాలు.

1873 వియన్నా ఎక్స్‌పో కథ ఇంకా బాగా అర్థం చేసుకోవాల్సింది. మే 1న మొదలైంది, 9న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, ఆ వేసవిలోనే కలరా కూడా వచ్చింది, ఆతిథ్య దేశానికి భారీ నష్టం మిగిలింది. కానీ అక్కడికే మొదటిసారి అధికారికంగా వెళ్లిన మెయిజీ చక్రవర్తి కాలపు జపాన్‌కి అది ఎంతో కలిసొచ్చింది. వాళ్లు వస్తువులు చూపించడానికే వెళ్లలేదు, నేర్చుకోవడానికి సాంకేతిక నిపుణుల్ని కూడా వెంట తీసుకెళ్లారు. తిరిగొచ్చాక చూసినవీ నేర్చుకున్నవీ పెద్ద పెద్ద సంపుటాలుగా రాసిపెట్టారు, 1877లో టోక్యో ఉయెనోలో సొంతంగా జాతీయ పారిశ్రామిక ప్రదర్శన పెట్టారు. వియన్నాలో జపాన్ వేసి చూపించిన తోటని ఎంతమంది చూశారన్న అంకె ఒక్కటే పట్టుకుంటే ఇదంతా మన కంటికే ఆనదు!

తర్వాత 1928లో పారిస్ ఒప్పందం కుదిరింది, ఎక్స్‌పోల పర్యవేక్షణకి అంతర్జాతీయ బ్యూరో వచ్చింది. ఆ ఒప్పందం ఇప్పటి రూపంలో ఎక్స్‌పో ముఖ్య ఉద్దేశం ప్రజలకు విజ్ఞానం అందించడమే అని చెబుతుంది, మరి గేటు దగ్గర లెక్కపెట్టే యంత్రం దాన్నెలా కొలుస్తుంది?

1929 బార్సెలోనాలో జర్మనీ పెవిలియన్ సంగతి చూడండి. వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో కట్టిన ఆ భవనంలో చూపించడానికి వస్తువులే దాదాపు లేవు, 1930లో విప్పేశారు. ఆధునిక వాస్తుకళ గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దాని పేరెత్తుతారు, 1980లలో అదే చోట మళ్లీ కట్టారు కూడా. 1930లోనే మార్కులు వేసి ఫైలు మూసేసి ఉంటే ఏం రాసేవాళ్లో!

పైగా జనం సంఖ్య చాలావరకు మన చేతిలో ఉండదు. 2000లో జర్మనీలోని హానోవర్ ఎక్స్‌పోకి 4 కోట్ల మంది వస్తారనుకుంటే సుమారు 1.8 కోట్లే వచ్చారు. 2010 షాంఘై ఎక్స్‌పోకి 7.3 కోట్ల మంది వచ్చారు, అందులో అత్యధికులు చైనీయులే. అదే పెవిలియన్, అదే కష్టం హానోవర్‌లో ఫెయిల్ అనిపించుకుని షాంఘైలో సూపర్ హిట్ అనిపించుకోవచ్చు. లోపల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి శ్రద్ధగా చెప్పే పెవిలియన్‌కి, అటునుంచి ఇటు నడిపించి పంపేసేదానికంటే తక్కువ తలలే పడతాయి, అంతమాత్రాన అది తక్కువదైపోదు కదా.

అందుకే ఎక్స్‌పోలో పాల్గొంటామని ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఎవరి కోసం వెళ్తున్నామో కాగితం మీద ఉండాలి: కొనుగోలుదారులా, పర్యాటకులా, విద్యార్థులా, లేక ఆతిథ్య దేశంతో స్నేహమే ముఖ్యమా. బయటికొచ్చేవాళ్లని ఏం గుర్తుందో అడగాలి, వీలైతే ఏడాది తర్వాత వాళ్లనే మళ్లీ అడగాలి. అక్కడ కుదిరిన వ్యాపార ఒప్పందాల్లో ఎన్ని నిజంగా నడిచాయో మూడు నాలుగేళ్ల తర్వాత చూడాలి. పెవిలియన్ విప్పగానే ఆ టీమ్ కూడా చెదిరిపోతుంది, ఇక చూసేవాళ్లెవరూ మిగలరు, కాబట్టి ఆ పని ఎవరు చేస్తారో, దానికయ్యే ఖర్చెంతో మొదటి బడ్జెట్‌లోనే రాసి పెట్టుకోవాలి.