కార్డు మీద కాలేజీ ఉంది, కుర్రాడి వాటా లేదు

2025 జూన్ 6న కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ ఒక రాజీ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపించే ఎన్‌సీఏఏ, కాన్ఫరెన్సులనే పెద్ద పెద్ద కాలేజీ కూటములు కలిసి ఆటగాళ్లకు పాత బాకీ కింద దాదాపు 280 కోట్ల డాలర్లు కట్టాలి. ఇక మీదట కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఈ గొడవ ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే చట్టాల పుస్తకాల కంటే పాత ఫుట్‌బాల్ కార్డుల పెట్టె తెరవడమే మేలు. ఆటగాడి ముఖాన్ని, కాలేజీ పేరును కలిపి అమ్మడం అక్కడే మొదలైంది మరి.

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. కార్డులంటే, మన దగ్గర ఒకప్పుడు బబుల్ గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి చూడండి, అలాంటివి. కాకపోతే అక్కడ అవి మొదట వచ్చింది గమ్‌తో కాదు, పొగాకుతో. 1888లో గుడ్విన్ అనే సిగరెట్ కంపెనీ వేసిన యాభై మంది క్రీడాకారుల కార్డుల్లో ఒకే ఒక్క ఫుట్‌బాల్ ఆటగాడున్నాడు: యేల్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ బీచర్. 1894లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు చెందిన మేయో పొగాకు కంపెనీ 35 కార్డుల సెట్ తెచ్చింది. అందులో ఉన్నవాళ్లంతా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కుర్రాళ్లే. అప్పటికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అనేది లేదనే చెప్పాలి. ఆట అంటే కాలేజీ, కాలేజీ అంటే ఆ మూడే.

ఆ సెట్‌లో నల్ల అంచు ఉన్న ఒక కార్డు మీద పేరు లేదు. హార్వర్డ్ ఆటగాడు జాన్ డన్‌లప్ బొమ్మ అది. పేరు ఎందుకు వదిలేశారో గానీ, ఈ రోజు ఫుట్‌బాల్ కార్డుల్లో అన్నిటికంటే అరుదైనవాటిలో అదొకటి. పేరు లేకుండా బొమ్మ అమ్మడం అనే ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి. నూట పదిహేనేళ్ల తర్వాత కోర్టులో మళ్లీ పనికొస్తుంది.

1935లో నేషనల్ చికిల్ అనే గమ్ కంపెనీ ప్రొఫెషనల్ ఆటగాళ్లతో సెట్ వేసింది. అందులోనూ నోటర్ డేమ్ కాలేజీ కోచ్ న్యూట్ రాక్నీకి చోటిచ్చారు. ఆయన 1931లోనే విమాన ప్రమాదంలో చనిపోయారు. అయినా ఆయన బొమ్మ ఉంటే కొంటారని కంపెనీకి తెలుసు. 1950లో టాప్స్ కంపెనీ బొటనవేలంత కార్డులు వేసింది. ముందు కాలేజీ ఆటగాడి బొమ్మ, వెనక ముఖమల్ లాంటి గుడ్డ మీద కాలేజీ జెండా. ఆ వంద మందిలో బ్రౌన్ యూనివర్సిటీకి ఆడిన జో పటెర్నో కూడా ఉన్నాడు. తర్వాత దశాబ్దాల పాటు పెన్ స్టేట్ కోచ్‌గా ఉన్నది ఆయనే.

అసలు చెప్పుకోవాల్సింది 1955 సెట్ గురించి. అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగు ఆటగాళ్ల కార్డులు ఏటా వేస్తున్నది బౌమన్ కంపెనీ. పోటీలోకి దిగాలనుకున్న టాప్స్‌కి ఆ తలుపు మూసి ఉంది. దాంతో వెనక్కి తిరిగి, రిటైరైపోయిన, కొందరు చనిపోయిన కాలేజీ దిగ్గజాలను ఏరుకుని ‘ఆల్ అమెరికన్’ పేరుతో వంద కార్డులు వేసింది. మరుసటి ఏడాది బౌమన్‌నే కొనేసింది, అది వేరే కథ. ఆ కార్డులు అడ్డంగా ఉంటాయి. వెనక నలుపు తెలుపు ఫొటోలో పాత మ్యాచ్ సాగుతుంటుంది, దాని ముందు రంగుల్లో ఆటగాడు, పక్కన కాలేజీ చిహ్నం. నోటర్ డేమ్‌లో ‘నలుగురు గుర్రపు రౌతులు’ అని పేరుపడ్డ ఆటగాళ్లు అందులోనే ఉన్నారు. యుద్ధకాలంలో విమాన శిక్షణలో చనిపోయిన అయోవా కుర్రాడు నైల్ కినిక్ కూడా. జిమ్ థోర్ప్ కార్డూ ఉంది. ఆయన ఆడిన కార్లైల్ స్కూలు 1918లోనే మూతపడింది. చిన్నాచితకా బేస్‌బాల్ లీగులో కాస్త డబ్బు తీసుకున్నాడని ఆయన 1912 ఒలింపిక్ పతకాలు లాక్కున్న సంగతి అప్పటికి అందరికీ తెలుసు. డబ్బు ముట్టినవాడు క్రీడాకారుడే కాదన్న రోజులవి.

21వ నంబరు కార్డు బైరన్ వైట్‌ది. కొలరాడో యూనివర్సిటీ హీరో. పత్రికలవాళ్లు ‘విజ్జర్’ అని పేరు పెడితే అది ఆయనకు గిట్టేది కాదు, అయినా వదల్లేదు. ఈ కార్డులో టాప్స్ పప్పులో కాలేసింది: కొన్ని కార్డుల వెనక వైట్ వివరాల బదులు గేనెల్ టిన్స్‌లీ వివరాలు, టిన్స్‌లీ కార్డు వెనక వైట్ వివరాలు అచ్చయ్యాయి. కలెక్టర్లకు అదొక పండగ. ఆ కార్డు వచ్చేనాటికి వైట్ డెన్వర్‌లో లాయరు. ఏడేళ్ల తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి.

అదే 1955లో, అదే కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడు రే డెన్నిసన్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఉద్యోగి చనిపోతే ఇచ్చే పరిహారం ఇమ్మని అతని భార్య అడిగింది. అతను ఉద్యోగి కాదు, విద్యార్థి అని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ మాటనే ఎన్‌సీఏఏ ఆ తర్వాత దశాబ్దాలపాటు కవచంలా వాడుకుంది. నన్నడిగితే ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన తీర్పు అదే. మిగతావన్నీ డబ్బు గొడవలు, ఇది ప్రాణానిది.

బైరన్ వైట్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఫుట్‌బాల్ టీవీ ప్రసారాలపై ఎన్‌సీఏఏ పెత్తనాన్ని ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు సవాలు చేశాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2తో కాలేజీల పక్షాన తీర్పిచ్చింది. అసమ్మతి తీర్పు రాసింది వైట్. కాలేజీ ఆటను ఉత్త వ్యాపారంగా చూడటం తప్పని ఆయన వాదన. కార్డు మీద అమ్ముడైన మనిషే ఆ మాట అన్నాడు. ఇందులో కపటమేమీ నాకు కనిపించదు. తన కాలేజీ రోజుల్ని ఆయన అలాగే గుర్తుపెట్టుకుని ఉంటాడు. అయితే ఆ తీర్పుతో టీవీ డబ్బు కాలేజీలకు వరదలా వచ్చింది, ఆటగాడికి మాత్రం స్కాలర్‌షిప్ దగ్గరే ఆగింది.

ఈలోగా కార్డుల వ్యాపారం, కాలేజీకి ఆడుతున్నవాడు డబ్బు తీసుకోకూడదన్న నిబంధనల చుట్టూ దారి వెతుక్కుంది. 1980ల చివర్లో కాలేజీల వారీగా పాత ఆటగాళ్ల సెట్లు అచ్చేసి అమ్మారు. 1990 నాటి నోటర్ డేమ్ సెట్‌లోనే రెండు వందల కార్డులు. ప్రస్తుతం ఆడుతున్న కుర్రాళ్ల కార్డులు స్థానిక పోలీసుల జాగ్రత్త మాటలతో అచ్చయి పిల్లలకు ఊరికే పంచేవారు. తర్వాత ప్రెస్ పాస్ లాంటి కంపెనీలు కాలేజీ ఆట ముగిసి, ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టుకి ముందున్న ఆ కాస్త సందులో, కాలేజీ యూనిఫాంలో కార్డులు వేసేవి. అంటే కాలేజీ చొక్కా వేసుకున్నన్నాళ్లూ సంతకం అమ్ముకోకూడదు. విప్పేశాకే ఆ చొక్కాలో ఉన్న బొమ్మ మీద డబ్బు తీసుకోవచ్చు!

ఈ గీత దాటినవాళ్ల గతి ఏమైందో చూడండి. 2010లో జార్జియా ఆటగాడు ఏ.జే. గ్రీన్ తన సొంత జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్మితే నాలుగు మ్యాచ్‌ల నిషేధం. ఆయన నంబరు 8 జెర్సీలు మాత్రం దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి. అదే డిసెంబరులో ఒహాయో స్టేట్ ఆటగాళ్లు అయిదుగురు ఉంగరాలు, బహుమతులు అమ్ముకున్నారని, ఓ టాటూ షాపులో తగ్గింపులు పొందారని తేలింది. శిక్ష తర్వాతి సీజన్‌లో అయిదు మ్యాచ్‌లు. ముందున్న షుగర్ బౌల్‌కి మాత్రం ఆడనిచ్చారు, అది పెద్ద మ్యాచ్ కదా. వాళ్లలో జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్‌తో కాలేజీ అయిదేళ్లపాటు సంబంధాలు తెంచుకుంది. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)కి ఆడిన రెజీ బుష్ పరిస్థితి ఇంకా ఘోరం. ఏజెంట్లు తన కుటుంబానికి డబ్బు, సౌకర్యాలు ఇచ్చారన్న ఆరోపణ మీద ఏటా ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని 2010లో వదులుకున్నాడు. 2020 దాకా ఆయన సొంత కాలేజీ గడప తొక్కకూడదు.

ఇక పేరు లేని కార్డు సంగతి. 2009లో యూసీఎల్‌ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ కేసు వేశాడు. ఈఏ స్పోర్ట్స్ వీడియో గేమ్‌లో తనను పోలిన ఆటగాడు, తన నంబరు, తన ఎత్తు, అన్నీ ఉన్నాయి. పేరొక్కటే లేదు. క్వార్టర్‌బ్యాక్ శామ్ కెల్లర్ కూడా అదే ఏడాది అదే ఫిర్యాదుతో కోర్టుకెక్కాడు. 2014లో ఓబానన్ కేసులో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది కూడా క్లాడియా విల్కెనే. అప్పటికే ఆ ఫుట్‌బాల్ గేమ్ ఆగిపోయింది.

కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చని 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో, చదువుకు సంబంధించిన సదుపాయాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు చెల్లవని సుప్రీంకోర్టు 9-0తో చెప్పింది. రాసింది జస్టిస్ నీల్ గోర్సచ్. లాయరుగా మొదట్లో ఆయన క్లర్కుగా పనిచేసింది ఎవరి దగ్గరో తెలుసా? బైరన్ వైట్ దగ్గరే. గోర్సచ్ తన తీర్పులో కాలేజీ క్రీడల చరిత్రను 1852 నాటి హార్వర్డ్–యేల్ పడవ పందెంతో మొదలుపెట్టారు. ఆ పందెం ఖర్చు పెట్టుకున్నది ఒక రైల్వే వ్యాపారి. అంటే డబ్బు మొదటి రోజు నుంచీ ఉంది.

2021 జూలై 1 నుంచి దేశమంతా ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చు. దాంతో కాలేజీలో చదువుతుండగానే సంతకం చేసిన కార్డులు మార్కెట్లోకి వచ్చేశాయి. ఈఏ గేమ్ 2024 జూలైలో తిరిగొచ్చింది. అందులో ఉండటానికి ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో బుష్‌కి ట్రోఫీ వెనక్కిచ్చారు.

పాతవాళ్ల లెక్క మాత్రం తేలలేదు. విల్కెన్ ఆమోదించిన ఒప్పందంలో పాత బాకీ 2016 నుంచి ఆడినవాళ్లకే. అంతకు ముందు ఆడినవాళ్లకు పైసా లేదు. అందుకే 2024లో బుష్, ప్రయర్ విడివిడిగా తమ సొంత కాలేజీల మీదే కేసులు వేశారు. అదే ఏడాది కాన్సస్ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు మారియో చామర్స్, మరికొందరు ఎన్‌సీఏఏ మీద న్యూయార్క్‌లో కేసు వేశారు. గడువు ఎప్పుడో దాటిపోయిందంటూ 2025 ఏప్రిల్‌లో జడ్జి దాన్ని కొట్టేశారు.