కొత్త కెమెరా కొన్నా చీర రంగు ఎందుకు రావట్లేదు? అపోహలు – వాస్తవాలు

చేనేత చీరల ఫొటోలు తీయడం నా వృత్తి. నేసేవాళ్లూ, ఇంటి నుంచే చీరలు అమ్మే ఆడవాళ్లూ నన్ను తరచూ అడిగేది ఒకటే: "కొత్త కెమెరా కొన్నామండీ, అయినా రంగు తేడాగా వస్తోంది, బుటాలు షార్ప్‌గా రావట్లేదు." ఫొటో చూసి డబ్బు కట్టిన మనిషికి వేరే రంగు చీర అందితే అది వెనక్కొస్తుంది. రానూపోనూ కొరియర్ ఖర్చు, మాట పోవడం, రెండూ అమ్మినవాళ్ల మీదే పడతాయి. అందుకే ఎక్కువగా వినే అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: మంచి కెమెరా అయితే రంగు దానంతటదే సరిగ్గా పట్టుకుంటుంది.

కెమెరాలో వెలుతురుని పట్టే చిప్ అయిన సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్కో రంగునే కొలుస్తుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చని, పావు వంతు ఎరుపుని, పావు వంతు నీలాన్ని. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చిన ఈ అమరికే ఇప్పటికీ చాలా కెమెరాల్లో ఉంది. మిగతా రెండు రంగులనూ పక్క పిక్సెళ్లను బట్టి కెమెరా లెక్కగడుతుంది. అలా వచ్చిన రంగులు సరిగ్గా కుదరాలంటే ఈ వెలుతురులో తెలుపంటే ఏదో ముందు తేలాలి. అదే వైట్ బ్యాలెన్స్.

ఆటోలో వదిలేస్తే కెమెరా ఊహిస్తుంది. ఫ్రేము నిండా పసుపు చీర పరిస్తే, ఆ పసుపు చీరదో లైటుదో దానికి తెలియదు. లైటుదే అనుకుని నీలం కలిపి చీరను వెలవెలబోయేలా చేస్తుంది. తర్వాత నీలం చీర పెడితే ఎదురు దిక్కుకు లాగుతుంది. ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట, అంటే గ్రే కార్డు, ఒకటి కొనండి. చీర ఉన్న చోటే దాన్ని పెట్టి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేసి, ఆ తర్వాత తీయండి. వెలుతురు మారితే మళ్లీ సెట్ చేయాలి. మామూలు తెల్ల కాగితం వద్దు. తెల్లగా మెరవడానికి వాటిలో కలిపే రసాయనాల వల్ల చాలా కాగితాలు నీలం వైపు మొగ్గుతాయి.

అపోహ: వైట్ బ్యాలెన్స్ కుదిరితే ఏ లైటైనా ఒకటే.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. లైటులో లేని రంగును ఏ సెట్టింగూ తీసుకురాలేదు. చౌక ఎల్‌ఈడీ బల్బుల వెలుతురులో ముదురు ఎరుపు చాలా తక్కువ. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె సీఆర్‌ఐ. డబ్బా మీద అది 80 అని ఉన్నా నమ్మకండి. ఆ అంకె 8 లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపుకి ఆర్9 అని వేరే కొలత ఉంది, అది ఆ సగటులో లేదు. అందుకే కుంకుమ రంగు ఇటుక రంగులా, మెరూన్ కాఫీ రంగులా వస్తాయి. ఎడిటింగ్‌లో ఎరుపు పెంచితే జరీ కూడా రంగు మారుతుంది.

గద్వాల్ చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒక లైటు కింద ఒకేలా ఉన్న ఆ రెండిటి రంగులూ ఇంకో లైటు కింద తేడాగా కనిపించవచ్చు.

ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీయండి, ఉత్తరం వైపుదైతే మరీ మంచిది. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి. లేకపోతే చీరకి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు పడుతుంది. దగ్గర్లో రంగు గోడ ఉంటే దాని ఛాయా పడుతుంది. లైట్లు కొనక తప్పకపోతే సీఆర్‌ఐ 95 పైన ఉండి, ఆర్9 కూడా విడిగా రాసినవే తీసుకోండి.

పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయిన షాట్ కలర్ చీరకి సరైన రంగు ఒక్కటే ఉండదు. పరిచి ఒకటి, మడతలు పెట్టి ఒకటి, రెండు ఫొటోలూ చూపించడమే న్యాయం.

అపోహ: ఎర్ర చీరలో నేత కనిపించలేదంటే ఫోకస్ తప్పింది.

చాలాసార్లు ఫోకస్ బాగానే ఉంటుంది. ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి నేత మాయమవుతుంది. ఫొటోలో వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు హిస్టోగ్రామ్. ఒక్కటే తెల్ల గ్రాఫుగా ఉండేదాంట్లో ఇది తెలియకపోవచ్చు. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూడండి. ఎరుపు కుడి అంచుకి గుద్దుకుంటే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దాకా తగ్గించండి. కెమెరా మెనూలో పిక్చర్ స్టైల్ రంగులు పెంచే వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కి మార్చండి.

అపోహ: మెగాపిక్సెళ్లు పెరిగితే, ఎఫ్ నంబరు పెంచితే ఫొటో ఇంకా షార్ప్.

24 మెగాపిక్సెళ్లంటే 6000 × 4000. అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెర చూపించేది సుమారు 20 లక్షలే, మిగతావి దానిలో కనిపించవు. ఇక ఎఫ్ నంబరు పెంచితే లెన్సు రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్16 దగ్గర, వెలుతురు ఒంపు తిరగడం వల్ల ఒక్కో చుక్కా దాదాపు 21 మైక్రాన్లకు పరుచుకుంటుంది. చాలా మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌లో, 24 మెగాపిక్సెళ్లయితే, పిక్సెల్ వెడల్పేమో 4 మైక్రాన్లు. అంటే చుక్క చాలా పిక్సెళ్ల మీదకి పరుచుకుని ఫొటో మెత్తబడుతుంది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సే ఎఫ్8 దగ్గర చీరకి చక్కగా సరిపోతుంది.

సన్నటి నేత మీద ఇంద్రధనుస్సు చారలు వస్తే చీరలోనూ లెన్సులోనూ లోపం లేదు. నేత వరుసలూ పిక్సెల్ వరుసలూ ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి, అంతే. కాస్త ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయండి.

అపోహ: ఐఎస్ఓ 100 దాటితే ఫొటో పాడవుతుంది.

ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్. 100 పట్టుకుని కూర్చుంటే గదిలో షట్టర్ వేగం సెకనులో 1/15 వంతుకి పడిపోతుంది, చెయ్యి కదులుతుంది. ఐఎస్ఓ 1600లో వచ్చే నలకల్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోని బాగుచేయలేం. ఏపీఎస్-సీ కెమెరాలో 55 మిల్లీమీటర్ల దగ్గర కనీసం 1/80 ఉంచండి. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, ఫ్యాను గాలికి ఊగే కొంగుని ఆపలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. వాటి కింద 1/100 పెడితే నల్ల చారలు రావు.

అపోహ: నా ఫోన్‌లో సరిగ్గానే ఉంది, కొనేవాళ్లకీ అలాగే కనిపిస్తుంది.

వాళ్ల ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉండొచ్చు, రాత్రిపూట తెర పసుపెక్కే సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఫైలు. కెమెరాలో కలర్ స్పేస్, అంటే ఫైలులో పట్టే రంగుల పరిధి, ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచండి. అడోబీ ఆర్‌జీబీలో తీసినవి చాలా యాప్‌లలో చప్పగా కనిపిస్తాయి. అప్‌లోడ్ చేసే ముందు ఫోన్‌ని నేచురల్ మోడ్‌లో పెట్టి, కిటికీ దగ్గర చీర పక్కనే ఉంచి పోల్చండి. గాఢమైన నెమలికంఠం రంగుల్లో కొన్ని ఎస్‌ఆర్‌జీబీలో అసలు పట్టవు. వాటికి "ఫొటోలో కంటే చీర రంగు ఇంకా గాఢంగా ఉంటుంది" అని ధర పక్కనే రాయండి, అడిగినవాళ్లకి పగటి వెలుతురులో తీసిన చిన్న వీడియో పంపండి.