హోటల్లో సమ్మె, మన బుకింగ్: అపోహలు - వాస్తవాలు

"అక్కా, మా ఫంక్షన్ పెట్టుకున్న హోటల్లో సమ్మె అంటున్నారు. అడ్వాన్సు పోయినట్టేనా?"

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మనవాళ్ల పెళ్లిళ్లకీ, సంఘాల సభలకీ హోటళ్లు మాట్లాడిపెట్టే పని నాది. 2018లో ఇక్కడి 7 మారియట్ హోటళ్లలో సుమారు 2,500 మంది రెండు నెలలు సమ్మె చేశారు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరి వారం దాకా హిల్టన్, హయత్, మారియట్ హోటళ్లలో మళ్లీ సమ్మె. రెండుసార్లూ నా ఫోన్ మోగుతూనే ఉంది. అడిగినవాళ్లలో చాలామందికి కార్మికుల పక్షాన నిలబడాలనే ఉంది. వాట్సాప్ పుకార్లు చూసి భయపడిపోతున్నారు, లేదంటే లేని ధీమా పెట్టుకుంటున్నారు.

అపోహ: సమ్మె వస్తే ఒప్పందం దానంతట అదే రద్దవుతుంది, డబ్బు వాపసు వస్తుంది.

రాదు. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఫోర్స్ మెజూర్ క్లాజులో (మన చేతిలో లేని కారణాలతో ఒప్పందం నడవకపోతే వర్తించే షరతు) "సమ్మెలు" అన్న మాట కనిపించగానే నిశ్చింతగా కూర్చుంటారు. వాక్యం చివరిదాకా చదవండి. కార్యక్రమం జరపడం అసాధ్యమో, చట్టవిరుద్ధమో అయితేనే అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సమ్మెలోనూ హోటల్ తెరిచే ఉంటుంది. మేనేజర్లే పక్కలు సర్దుతారు, బయటినుంచి తాత్కాలికంగా మనుషుల్ని తెస్తారు. "మేం గదులిస్తున్నాం, రానంటున్నది మీరే" అని క్యాన్సిలేషన్ బిల్లు పంపిస్తారు. కొన్ని ఒప్పందాల్లో హోటల్ సొంత సిబ్బంది చేసే సమ్మె వర్తించదని విడిగా రాసుకుంటారు కూడా.

కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక కుటుంబం కూతురి హాఫ్ శారీ ఫంక్షన్‌కి తామే సంతకం పెట్టేసి, సమ్మె మొదలయ్యాక నా దగ్గరికి వచ్చింది. గేటు ముందు డ్రమ్ములు కొడుతున్న హౌస్‌కీపింగ్ ఆడవాళ్లని దాటుకుని, పట్టుచీరతో లోపలికి వెళ్లలేనని ఆ తల్లి ఏడ్చేసింది. ఎంత బతిమాలినా హోటల్ అడ్వాన్సులో సగమే తిరిగిచ్చింది. పోయిన సగం ఆ పిల్ల తండ్రి రెండు నెలల పొదుపు. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఒక్క క్లాజు ఉంటే ఆ డబ్బు దక్కేది: "ఈ హోటల్లో సమ్మె, లాకౌట్, పికెటింగ్ లేదా యూనియన్ పిలుపిచ్చిన బాయ్‌కాట్ ఉంటే పెనాల్టీ లేకుండా రద్దు చేసుకునే హక్కు మాకుంది, కట్టిన సొమ్మంతా వాపసు చేయాలి." లాకౌట్ అంటే యాజమాన్యమే కార్మికుల్ని పనిలోకి రానివ్వకపోవడం, పికెటింగ్ అంటే కార్మికులు గేటు ముందు వరసకట్టి నిరసన తెలపడం. సంతకానికి ముందు అడిగితే సేల్స్ మేనేజర్లు చాలాసార్లు ఒప్పుకుంటారు. తర్వాత అడిగితే వినరు. హోటల్ కార్మికుల యూనియన్ యునైట్ హియర్ నడిపే ఫెయిర్ హోటల్ సైట్లో ఇలాంటి నమూనా వాక్యాలున్నాయి. ఎక్కడెక్కడ బాయ్‌కాట్ నడుస్తోందో కూడా అక్కడే చూసుకోవచ్చు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు టెన్షన్ పడి వెంటనే రద్దు మెయిల్ కొట్టకండి. రాజీ కుదిరాక వేరే తేదీకి ఆ అడ్వాన్సు వాడుకుంటామని ముందు రాతపూర్వకంగా అడగండి.

అపోహ: చప్పుడు చేయకుండా వేరే హోటల్‌కి మారితే చాలు.

చాలదు. గది ఖాళీగా ఉంటే హోటల్‌వాళ్లు సీజన్ బాగాలేదనుకుంటారు. కారణం రాసి జనరల్ మేనేజర్‌కి పంపండి, యూనియన్‌కి ఒక కాపీ ఇవ్వండి. పదిమంది కలిసి రాస్తే ఇంకా మంచిది. అమెరికా చరిత్రకారుల సంఘం 2005 వార్షిక సభని శాన్ ఫ్రాన్సిస్కో హిల్టన్ నుంచి శాన్ హోసేకి మార్చుకుంది, అదీ అందరికీ చెప్పి మరీ. దానికి కారణం ఇదీ: 2004లో ఇక్కడ 4 హోటళ్లలో సమ్మె మొదలైతే మరో 10 హోటళ్లు లాకౌట్ ప్రకటించాయి. నవంబరుకల్లా కార్మికులు పనిలో చేరినా, ఒప్పందం కుదిరింది 2006లో. అన్నాళ్లూ వాళ్లు జీతం తీసుకుంటూనే ఉన్నారు, బయట బాయ్‌కాట్ నడుస్తూనే ఉంది. సమ్మె ఆగింది కదా అని తిరిగి బుక్ చేసేవాళ్లు ఇది గమనించాలి.

అపోహ: మనం వెళ్లకపోతే కార్మికుల పొట్టే కొట్టినట్టు.

బాయ్‌కాట్ పిలుపు ఇచ్చేది వాళ్లే. పిలుపు లేనిచోట మనంతట మనం మొదలుపెట్టకూడదు, అంతే. లాస్ వేగస్ ఫ్రాంటియర్ హోటల్లో 1991 నుంచి 1998 దాకా ఆరేళ్లకు పైగా 550 మంది సమ్మె చేస్తే ఒక్కరూ పికెటింగ్ లైను దాటి పనికి వెళ్లలేదు, చివరికి గెలిచారు. అన్నిచోట్లా గెలుస్తారని చెప్పను. షికాగో కాంగ్రెస్ హోటల్లో 2003లో మొదలైన సమ్మెని పదేళ్ల తర్వాత ఏ ఒప్పందమూ లేకుండానే విరమించారు.

అపోహ: సమ్మె జరుగుతున్న హోటల్ వద్దంటే వీసా మీద ఉన్నవాళ్లకి ఇబ్బంది.

హోటల్ మార్చుకోవడానికీ వీసాకీ సంబంధం లేదు. బాయ్‌కాట్ల విషయానికొస్తే 1947 టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం (అమెరికా కార్మిక చట్టం) కట్టడి చేసింది యూనియన్లని, అది కూడా వివాదంతో సంబంధంలేని వ్యాపారాల మీద ఒత్తిడి తెచ్చే విషయంలో. ఆ చట్టం పేరు ఎవరో గ్రూపులో పెడితే, బెంగళూరు నుంచి ఆఫీసు పనిమీద వచ్చిన ఒక తెలుగు కుర్రాడు రాత్రి 11 గంటలకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగాడు. కంపెనీ ట్రావెల్ డెస్కుకి రెండు లైన్లు రాయమన్నాను: "ఈ హోటల్లో సమ్మె జరుగుతోంది. లైను దాటడం నాకు ఇష్టం లేదు, దయచేసి వేరే గది ఇవ్వండి." మర్నాడు మధ్యాహ్నానికి గది మారింది. అదే వారం అతని టీములో ఇంకో నలుగురు అవే రెండు లైన్లు రాశారు.