ఫార్మసీ పట్టా, సొంత షాపు: అపోహలు - వాస్తవాలు

ఫార్మసీ ఆఖరి ఏడాదిలో షాపు పెట్టాలా, ఉద్యోగంలో చేరాలా, విదేశాలకు వెళ్లాలా అన్నది చాలామంది సీనియర్లు, చుట్టాలు చెప్పిన మాటల మీదే తేల్చుకుంటారు. వాటిలో కొన్ని మాటలు నమ్మితే డబ్బూ, ఏళ్లూ రెండూ పోతాయి.

అపోహ: వ్యాపారానికి పుట్టుకతోనే తెగువ ఉండాలి.

వాస్తవం: తెగువ కన్నా ముందు లెక్క రావాలి. లెక్క నేర్చుకుంటే వచ్చేదే. అత్యవసర మందుల జాతీయ జాబితాలోని వాటికి 2013 ధరల ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర కట్టేటప్పుడు షాపువాడికి 16 శాతం కలుపుతారు. పన్ను పక్కన పెడితే, రూ.100కి కొన్నది రూ.116కి అమ్ముతారు. పక్క షాపుని చూసి మీరూ '10 శాతం తగ్గింపు' బోర్డు కట్టారనుకోండి. తగ్గేది కొన్న ధర మీద కాదు, అమ్మే ధర మీద. అంటే రూ.11.60 పోయి రూ.4.40 మిగులుతుంది. రోజుకి రూ.10,000 ధర గల మందులు అమ్మితే రూ.1,380 దాకా రావాల్సిన చోట చేతికొచ్చేది రూ.380. అద్దె, కరెంటు, జీతం అందులోంచే కట్టాలి. జాబితాలో లేని మందుల మీద, జనరిక్స్ మీద మార్జిన్ ఎక్కువ ఉండొచ్చు. మీ అమ్మకాల్లో ఏవి ఎంత పోతున్నాయో తెలిసేదాకా మాత్రం బోర్డు రాయించకండి.

అపోహ: పట్టా చేతికొస్తే షాపు తెరిచేయొచ్చు.

వాస్తవం: ముందు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆ తర్వాత ఔషధ నియంత్రణ శాఖ నుంచి ఫారం 20, 21 లైసెన్సులు తీసుకోవాలి. రిటైల్‌కి కనీసం 10 చదరపు మీటర్ల జాగా ఉండాలి, హోల్‌సేల్ కూడా కలిపితే 15. ఫ్రిజ్ తప్పనిసరి. షెడ్యూల్ హెచ్1 మందులు (కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందుల వంటివి) అమ్మితే డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి.

అపోహ: సర్టిఫికెట్ అద్దెకిస్తే ఇంట్లో కూర్చుని నెలనెలా డబ్బొస్తుంది.

వాస్తవం: డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు నమోదైన ఫార్మసిస్టు కళ్లెదుటే ఇవ్వాలన్నది చట్టం. మీ పేరు గోడకి వేలాడుతూ మీరు లేనప్పుడు తప్పు జరిగితే, రిజిస్టర్ నుంచి మీ పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌కి ఉంది. దయచేసి ఈ పని చేయకండి. అవతల మందు మింగేది ఒక మనిషి.

అపోహ: మందుల షాపంటే అడిగింది తీసివ్వడమే.

వాస్తవం: ఒక స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని చూడండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చాలా స్ట్రిప్పుల్లో ఒక కొసనే ఉంటాయి. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు కత్తిరించేటప్పుడు రెండో కొస నుంచి కత్తిరించాలి. లేకపోతే మిగిలిన ఆరింటి గడువు ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌కి ఆనించి పెడితే గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. గడువు ముందు ముగిసేది ముందు వరసలో పెట్టాలి. మూడు నెలల్లో ముగిసేవి విడిగా డబ్బాలో వేసి డిస్ట్రిబ్యూటర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఆలస్యమైతే ఆ నష్టం మీదే.

అపోహ: బి.ఫార్మసీతో అమెరికాలో ఫార్మసిస్టు కావచ్చు.

వాస్తవం: 2003 జనవరి 1 నుంచి పట్టా పొందిన విదేశీ విద్యార్థులకు అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు అడుగుతారు. నాలుగేళ్ల బి.ఫార్మసీ సరిపోదు. ఆరేళ్ల ఫార్మ్ డీ ఆ ఐదేళ్ల షరతు దాటుతుంది. ఈ సంగతి ఇంటర్ అయ్యాక కోర్సు ఎంచుకునేటప్పుడే తెలియాలి.

అపోహ: ఉద్యోగంలో చేరితే ఇక వ్యాపారం కుదరదు.

వాస్తవం: అంజిరెడ్డి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేశాకే 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. ఫార్మసీ చదివిన మురళి దివి అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగొచ్చాక, 1990లో దివీస్ మందుల కంపెనీ మొదలుపెట్టారు. షాపు ఆలోచన ఉంటే ఏడాది పాటు రద్దీ ఉన్న మెడికల్ షాపులో పనిచేయండి. ఏ డిస్ట్రిబ్యూటర్ ఎన్ని రోజుల అరువు ఇస్తున్నాడు, గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకుంటున్నాడా, ఏ మందు వారానికి ఎన్ని స్ట్రిప్పులు కదులుతోంది, ఇవన్నీ రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.