కుందేలుకు పద్దెనిమిది గోళ్లు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు ఒక్కసారి కూడా దాని గోళ్లు తీసి ఉండడు. తీసినవాడికి లెక్క కంఠతా వచ్చేస్తుంది: ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18. ఆ అయిదో గోరు ముందు కాలి లోపలి వైపు, కాస్త పైన, బొచ్చులో దాక్కుని ఉంటుంది. నేలకు ఆనదు కాబట్టి అరగదు, కంటపడదు కాబట్టి మనం మరిచిపోతాం. వంకీ తిరిగి తివాచీ పోగుల్లో చిక్కుకునే గోళ్లలో అదీ ఒకటి.

మన ఇళ్లలో పెరిగేది యూరప్ కుందేలు. స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో బొరియలు తవ్వుకుని బతికిన జాతి. మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ తవ్వదు, దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. తవ్వే జంతువుకు గోరు ఎంత అరిగితే అంత పెరగాలి. టైల్స్ పరిచిన ఇంట్లో తవ్వడానికి ఏమీ ఉండదు గానీ పెరుగుదల మాత్రం ఆగదు. అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి గోళ్లు చూడాలి. గచ్చు మీద నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తలు ఉండవు, దట్టమైన బొచ్చే దాని చెప్పు. గోరు పొడవైతే వేళ్లు పైకి లేచి, బరువంతా వెనక్కు, మడమ మీదికి జరుగుతుంది. అక్కడ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, చివరికి పుండు పడుతుంది. బోనుకు ఇనుప జాలీ నేల అయితే ఇంకా తొందరగా పడుతుంది.

గోరు బయటి తొడుగు మన గోళ్లలాగే కెరటిన్. లోపల మొదలు నుంచి కొంత దూరం వరకు రక్తనాళాలూ నరమూ ఉన్న పచ్చి భాగం ఉంటుంది. తెల్ల గోరులో అది గులాబి రంగు గీతలా కనిపిస్తుంది. నల్ల గోరైతే వెనక నుంచి ఫోను టార్చి వేసి చూడాలి. ఆ గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల ముందే కత్తిరించాలి. బాగా పెరిగిపోయిన గోరును ఒక్క రోజులో పొట్టి చేద్దామనుకోవద్దు. కొంచెం కొంచెంగా తీస్తూ పోతే పచ్చి కూడా మెల్లగా వెనక్కు తగ్గుతుంది.

కత్తెర కన్నా పట్టు ముఖ్యం. కుందేలు ఎముకల బరువు ఒంటి బరువులో ఏడెనిమిది శాతమే. పిల్లికి పన్నెండు, పదమూడు ఉంటుంది. వెనక తొడలు మాత్రం మహా బలం. గాలిలో పట్టుకుంటే, అది తన్నే తన్నుకు తన నడుమే విరగవచ్చు. తువ్వాలులో చుట్టి, ఒడిలోనో బల్ల మీదో పొట్ట కిందికి ఉండేలా కూర్చోబెట్టి, ఒక్కో పాదం బయటికి తీయాలి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుందని చాలామంది ముచ్చటపడతారు. అది హాయి కాదు, వేటాడే జంతువు నోటికి చిక్కానన్న భయంతో కొయ్యబారిపోవడం.

ఇంత తెలిసీ నేనొకసారి నల్ల గోరును లోతుగా కత్తిరించాను. తెల్ల తువ్వాలు మీద నాలుగు చుక్కలు. చేతులు వణికాయి. కానీ లెక్క వేస్తే, రెండు కిలోల కుందేలు ఒంట్లో 100 మిల్లీలీటర్లకు పైగా రక్తం ఉంటుంది; ఆ చుక్కలు అర మిల్లీలీటరు కూడా కావు. చిటికెడు మొక్కజొన్న పిండిని గోటి కొసకు అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాను. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకపోవడమే కష్టమైన పని. పది పదిహేను నిమిషాలకూ ఆగకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

గోరు చిక్కుకుని మొదలంటా చిరిగితే సంగతి వేరు. పిండి కొసకే గానీ చర్మం చిరిగిన చోటుకు పనికిరాదు. పసుపు అద్దాలని చేయి లాగుతుంది. వంటింటి పసుపు గాయాన్ని కప్పేస్తుంది, శుభ్రం చేయదు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో మెల్లగా కడగాలి. వేలాడుతున్న గోరును లాగవద్దు, లోపల వేలి చివరి ఎముక ఉంటుంది. ఆ గోరును వైద్యుడే మత్తిచ్చి తీయాలి.

అసలు ప్రమాదం మన మందుల డబ్బాలో ఉంది. పిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ కుందేలు నోట్లో పోస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విషాన్ని పుట్టించేవి పెరిగిపోతాయి, ప్రాణమే పోవచ్చు. నొప్పి మందు కూడా వైద్యుడు చెప్పిందే వేయాలి, వేయడం మాత్రం మానకూడదు. నొప్పిని కుందేలు మూలిగి చెప్పదు, మేత మానేస్తుంది. మేత ఆగితే పేగుల కదలిక ఆగుతుంది. పూట గడిచినా గడ్డి ముట్టలేదంటే గోటి గాయం కాస్తా కడుపు సమస్య అయినట్టే. అందుకే గాయమైన రాత్రి నేను పాదం కన్నా ఎక్కువగా పెంటికలే చూస్తాను. వానాకాలంలో ఈగలు కూడా చూడాలి. రక్తపు వాసనకు వచ్చి గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుంది.

మొదలు బతికి ఉంటే ఊడిన గోరు కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది, తిన్నగా రావాలని లేదు. జాలీలో చిక్కి ఊడిన మా కుందేలు ఎడమ వెనక కాలి గోరు పక్కకు తిరిగి మొలిచింది. తువ్వాలు పరిచాక లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాను.