కాగితం తాగే నీళ్లు

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో మా అక్క కూతురి పెళ్లి శుభలేఖలు నెల్లూరులో ఒక ప్రెస్సులో వేయించాం. వాయుగుండం పట్టి నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఇంటికొచ్చిన కార్డుల్లో ఎర్రటి పేర్ల పక్కన పసుపు గీత నీడలా కనిపించింది. ముహూర్తం దగ్గరపడుతోంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మిషన్ పాడైందనుకున్నాం. కానీ ఆ పని చేసింది చెమ్మ.

కాగితమంటే చెట్టు నారే. ఒంగోలు చుట్టుపక్కల చేలల్లో పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర కాగితం మిల్లులకే పోతుంది. గుజ్జయి, షీటయి తిరిగొచ్చినా ఆ నారకు నీటి మీద మమకారం పోదు. నారలోని సెల్యులోజ్ నీటి అణువులను పట్టి ఉంచుకుంటుంది. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. పొడిగా కనిపించే ఆఫీసు కాగితంలోనూ మామూలుగా 4 నుంచి 6 శాతం నీరే. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు) ఏ4 రీము, అంటే 500 షీట్లు, సుమారు 2.3 కిలోలు తూగుతుంది. అందులో 100 గ్రాములకు పైగా నీళ్లున్నట్టే. దాదాపు అర గ్లాసు!

నీరు పట్టిన నార పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. మిల్లులో నారలు ఎక్కువగా మిషన్ నడిచే దిక్కుకే వాలి పరుచుకుంటాయి కాబట్టి షీటు దానికి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఇంట్లోనే చూడొచ్చు. చదరపు కాగితం ముక్కకు ఒకవైపు మాత్రమే తడి రాయండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే నార వాలు అటు.

మా కార్డుల్లో జరిగింది ఇదే. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేటు మీది సిరాను రబ్బరు రోలరు ద్వారా కాగితం మీదికి ఎక్కించే ముద్రణలో, ఎరుపు రావాలంటే మెజెంటా (ముదురు గులాబీ రంగు), పసుపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. ఒక రంగు వేసి, ఆరాక మరో రంగు వేసే చిన్న మిషన్లలో ఆ మధ్య గంటల్లో కాగితం చెమ్మ పీలుస్తుంది. 20 అంగుళాల షీటు వెయ్యిలో ఒక వంతు సాగినా అర మిల్లీమీటరు తేడా. కంటికి ఇట్టే దొరికిపోతుంది.

జెరాక్స్ షాపు బాధ వేరు. టోనర్ పొడిని కాగితం మీదికి లాగేది స్థిర విద్యుత్తు. చెమ్మ కాగితం దాన్ని నిలుపుకోలేదు, అక్షరాలు అక్కడక్కడా వెలిసినట్టు పడతాయి. తర్వాత వేడి రోలరు కిందికి వెళ్లేసరికి నీరు ఆవిరై, షీటు వంకర తిరిగి ఇరుక్కుంటుంది. మరీ ఎండినా చిక్కే: షీట్లు ఒకదానికొకటి అంటుకుని రెండేసి లోపలికి పోతాయి.

చెమ్మ పట్టాక ఆరబెడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అలలు తేలిన అంచులు మళ్లీ సాపు కావడం కష్టం. కట్టను గచ్చు మీద కాకుండా చెక్క మీద పెట్టి, మిషన్ ఎక్కించేదాకా కవరు విప్పకపోవడమే మేలు. మా రెండో విడత కార్డులకు ప్రెస్సువాళ్లు అలాగే చేశారు. ఒక రంగుకూ మరో రంగుకూ మధ్య కూడా షీట్లను ప్లాస్టిక్ పట్టాతో కప్పి ఉంచారు. బయట ముసురు ఇంకా వదల్లేదు, కానీ ఈసారి పేర్ల పక్కన పసుపు గీత లేదు.