అటకామా మ్యూజియంలో మమ్మీలు ఎందుకు కనిపించవు?

ఉత్తర చిలీలోని సాన్ పెడ్రో డి అటకామా అనే చిన్న ఊరికి ఒకప్పుడు చాలామంది మమ్మీలను చూడ్డానికే వెళ్లేవాళ్లు. అక్కడి పురావస్తు మ్యూజియంలో ఒక స్త్రీ దేహానికి 'మిస్ చిలీ' అని పేరు కూడా తగిలించారు. 2007లో ఆ దేహాలన్నిటినీ ప్రదర్శన నుంచి తీసేశారు. అంత దూరం వెళ్లినవాళ్లకు నిరాశ కలిగి ఉండొచ్చు. కానీ జరిగింది న్యాయమేనని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సాన్ పెడ్రో సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న ఒయాసిస్సు. చుట్టూ ఉన్నది ప్రపంచంలోనే అత్యంత పొడి ఎడారుల్లో ఒకటి. తేమ లేకపోతే శవం కుళ్లదు, ఎండిపోతుంది. ఉత్తరాన అరికా తీరంలో చించోరో ప్రజలు ఏడు వేల ఏళ్ల కిందటే, అంటే ఈజిప్టు కంటే ముందే, శవాలను పనిగట్టుకుని మమ్మీలుగా మార్చారు. సాన్ పెడ్రోలో ఆ అవసరం రాలేదు. చనిపోయినవాళ్లను మోకాళ్లు ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టి, ఉన్నిబట్టలు చుట్టి, కుండలూ బుట్టలూ పక్కన పెట్టి పూడ్చేవాళ్లు. మిగతా పని ఎడారి చేసింది.

1955లో గుస్తావో లె పైజ్ అనే బెల్జియం జెస్యూట్ ఫాదర్ ఈ ఊరి చర్చికి వచ్చాడు. పురావస్తుశాస్త్రంలో పెద్ద శిక్షణ లేదు కానీ ఆసక్తి మాత్రం విపరీతం. వేల సమాధులు తవ్వించాడు. 1957లో మ్యూజియం మొదలైంది. తర్వాత ఆంటోఫగాస్టాలోని విశ్వవిద్యాలయం అండతో దానికి సొంత భవనం వచ్చింది. 1980లో చనిపోయేదాకా ఆయన ధ్యాసంతా దాని మీదే. ఆయన లేకపోతే ఈ సంపదలో చాలా భాగం దొంగల పాలయ్యేదన్నది నిజం. పూర్వీకుల సమాధులు తెరవడం గురించి ఊరివాళ్ల మాటకు అప్పట్లో విలువ లేదన్నదీ అంతే నిజం.

ఆ తవ్వకాల్లో బయటపడ్డ వస్తువుల్లో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేవి అరచేతిలో పట్టేంత చెక్క పలకలు. మత్తునిచ్చే గింజల పొడిని వాటి మీద పోసుకుని గొట్టంతో ముక్కుతో పీల్చేవాళ్లు. పలక అంచున రాబందు, పులిజాతి మృగం, రెండు చేతులా దండాలు పట్టుకున్న దేవుడు. ఈ బొమ్మలు కొన్ని వందల కిలోమీటర్ల అవతల టిటికాకా సరస్సు దగ్గరున్న తివనాకు నగరపు శైలివి. గింజలిచ్చే చెట్లేమో ఆండీస్ పర్వతాలకు తూర్పున పెరుగుతాయి. లామాల మీద సరుకులేసుకుని ఎడారినీ కొండలనూ దాటిన బిడారుల చరిత్ర ఒక్క పలకలో కనిపిస్తుంది. ఇది తెలుసుకోవడానికి ఎవరి శవమూ చూడక్కర్లేదు.

ఊరివాళ్లు, అంటే లికాన్ అంతాయ్ ప్రజలు, ఆ సమాధుల్లో ఉన్నవాళ్లను తాతలూ అవ్వలూ అనే అంటారు. వాళ్లను కదిపితే కీడు జరుగుతుందని పెద్దల నమ్మకం. 1540లో స్పానిష్ సేనలు వచ్చినప్పటి నుంచీ వాళ్ల మాట వినిపించుకున్నవాళ్లు తక్కువ. 1993లో చిలీ ఆదివాసీ చట్టం వాళ్లను ఒక ఆదివాసీ జాతిగా గుర్తించాక ఆ మాటకు బలం వచ్చింది. సముదాయాలు అడిగాయి, మ్యూజియం ఒప్పుకుంది, దేహాలు నిల్వగదికి చేరాయి.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చిన్నప్పుడు చూసినవాళ్లం మనలో చాలామందిమి. ఆమె మా మనిషి అని అడగడానికి ఊళ్లో ఎవరూ లేరు కాబట్టి మనకా ఇబ్బంది తోచలేదు. సాన్ పెడ్రోలో గడప దాటి బయటికొస్తే ఎదురయ్యేది వారసులే. టికెట్ కొనుక్కున్న పరాయివాళ్ల ముందు తమ అవ్వ కూర్చుని ఉంటే ఏ ఇంటివాళ్లు ఊరుకుంటారు?

అన్నిచోట్లా ఇలా జరగలేదు. 1999లో యుయాయాకో అగ్నిపర్వత శిఖరం మీద దొరికిన ఇన్కా సామ్రాజ్య కాలపు ముగ్గురు పిల్లల దేహాలను, ఆదివాసీల అభ్యంతరాల మధ్యే, అర్జెంటీనాలోని సాల్టా మ్యూజియం వంతులవారీగా ప్రదర్శనకు పెట్టింది. న్యూయార్క్‌లోని సహజచరిత్ర మ్యూజియం మాత్రం మానవ అవశేషాలన్నిటినీ ప్రదర్శన నుంచి తొలగిస్తామని 2023లో ప్రకటించింది.

సాన్ పెడ్రోలో పాత మ్యూజియాన్ని కొత్త భవనం కోసం మూసేశారు, కాబట్టి వెళ్లే ముందు ఏమేం తెరిచి ఉన్నాయో కనుక్కోవడం మంచిది. అసలు ప్రశ్న వేరే ఉంది. నిల్వగదిలో పెట్టడం తిరిగి పూడ్చిపెట్టడం కాదు. పరిశోధకులకు ఆ ఎముకలు అప్పటి తిండి, జబ్బులు, వలసల గురించి ఇంకా చాలా చెప్పగలవు. అయినా వాళ్లను మట్టికి చేర్చాలా వద్దా అన్నది విశ్వవిద్యాలయం ఒక్కటే తేల్చే విషయం కాదు. ఆ నిర్ణయంలో ఆఖరి మాట లికాన్ అంతాయ్ సముదాయాలదే కావాలి.